దేనికి అనే గడి

పైలంక, ఏడో మెట్టు. తుపాకి లైసెన్సుదారు: తుమ్మా జోజప్ప. పుస్తకం రాసేది: కూతురు క్లారా. నాన్నకు దగ్గరి అక్షరాలు కనిపించవు. దూరంగా ఉన్న పంది కనిపిస్తుంది.

పుష్యమి కార్తె, రెండో రోజు

దేనికి: పందులు. తూటాలు: రెండు. ఫలితం: ఒకటి పడింది, మిగతావి పైమెట్టుకు పోయాయి.

తుపాకి తీసిన ప్రతిసారీ ఈ మూడు గళ్ళు నింపాలి. నాలుగోది వివరాల గడి. దాన్ని ఎవరూ నింపరు. ఆయుధాల కచేరిలో ఎవరూ చదవరు కూడా. అందుకే నేను అందులో రాస్తున్నాను. చోటు చాలకపోతే కాగితం అంటిస్తాను.

తెల్లవారుజామున చేను చుట్టూ కట్టిన గంటతీగ మోగింది. నాన్న గోడమీది తుపాకి దించి గుమ్మంలో నిలబడ్డాడు. నేను బిళ్ళ కోసం మస్తానమ్మ పిన్ని ఇంటికి పరిగెత్తాను. మా ఇళ్ళూ చేలూ కొండను చెక్కిన మెట్లమీదే. మంచులో మెట్టు అంచు కనిపించదు. మంచునీళ్ళు పట్టే వలలకు కట్టిన తాడు పట్టుకుని నడవాలి.

బిళ్ళ బొటనవేలంత ఉంటుంది. అది తుపాకిలో పడితేనే గుర్రం కదిలి తూటా పేలుతుంది. తుపాకి మన ఇంట్లో, బిళ్ళ పక్కింట్లో. మేం కింద మునిగిపోయిన లంకల నుంచి ఈ కొండకు వచ్చినప్పటి నుంచీ ఇదే చట్టం. పక్కింటివాళ్ళు "దేనికి?" అని అడగాలి, మనం చెప్పాలి. అప్పుడు వాళ్ళు వేలు ఆనిస్తారు. బిళ్ళ పచ్చగా వెలిగి నాలుగు గంటలు పనిచేస్తుంది.

పందుల గురకలు మా ఇద్దరికీ వినబడుతున్నాయి. అయినా పిన్ని అడిగింది.

"దేనికి?"

"పందులకి."

"ఏందీ? పైకి చెప్పవే. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఆ గొణుగుడేంది?"

మళ్ళీ చెప్పాను. వేలు ఆనించింది. నేను తిరిగి వచ్చేసరికి కిందిమడిలో సగం కొర్ర నేలమట్టమైంది.

నాన్న ఏడాదిన్నరగా పిన్ని గడప తొక్కడం లేదు. అడగడానికి నన్నే పంపుతాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఒకరి గుమ్మంలో నిలబడి ఒక వస్తువు అడగడమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. సిస్టర్ల బడిలో అన్నం రెండోసారి వడ్డించమని అడగలేక అయిదేళ్ళు ఆకలితో లేచినదాన్ని.

పుష్యమి, ఆరో రోజు

తుపాకి తీయలేదు.

వీరాస్వామి మావయ్య వచ్చాడు. తొమ్మిదో మెట్టు మనిషి, తుపాకిదార్ల సమాఖ్య అధ్యక్షుడు, నాన్నకు స్నేహితుడు. నేను వలల కింద నీళ్ళ దోనెలు కడుగుతుంటే వచ్చి, తనూ ఒక దోనె ఎత్తి నీళ్ళు వంచాడు. పని చేస్తూ మాట్లాడితే నాకు భయం తగ్గుతుందని ఆయనకు తెలుసు.

సమాఖ్య కొత్త అర్జీ పెడుతోంది. బిళ్ళ తుపాకిదారు దగ్గరే ఉండాలని, అతని వేలికే వెలగాలని. రాయడానికి మనిషి కావాలి. అర్జీకి మూడు సాక్ష్యాలు ఉండాలి, పుస్తకాల్లోంచి పేజీలతో సహా.

మొదటి సాక్ష్యం ఆయనదే. రెండేళ్ళ కిందట ఆయన భార్య లక్ష్మీకాంతం అత్తయ్య చేలో గడ్డి కోస్తుంటే పంది మీదికొచ్చింది. మావయ్య చేతిలో తుపాకి ఉంది. బిళ్ళ దాచే మనిషి వలల దగ్గరికి పోయింది. ఆయన ఆమెను వెతుక్కుంటూ రెండు మెట్లు దిగి, రెండు మెట్లు ఎక్కాడు. అంతా కలిపి పావుగంట. కచేరివాళ్ళు ప్రమాదమని రాసి పుస్తకం మూసేశారు.

ఈ సంగతి ఆయన చెప్పలేదు. ఊరందరికీ తెలుసు. "నువ్వు రాస్తే చదువుతారమ్మా. మేం రాస్తే దాచిపెడతారు" అని మాత్రమే అన్నాడు.

సమాఖ్య చేసినవి నాకు తెలియనివి కావు. తూటాలు ఏడాదికి పన్నెండే ఇస్తామన్నప్పుడు కచేరి ముందు తొమ్మిది రోజులు కూర్చుని ముప్పై చేయించింది వాళ్ళే. ఒంటరి ఆడవాళ్ళకు లైసెన్సు ఇప్పించిందీ వాళ్ళే. వాళ్ళు లేకపోతే మా తుపాకులన్నీ ఎప్పుడో కచేరి గిడ్డంగిలో తుప్పు పట్టేవి.

నాన్న వైపు చూశాను. "నీ ఇష్టం" అన్నాడు.

రాస్తానన్నాను. ఒద్దనడం ఎలాగో నాకు తెలియదు. కానీ ఈసారి నాకు ఇష్టంగానే ఉంది.

పుష్యమి, పన్నెండో రోజు

దేనికి: ఎలుగుబంటి. తూటాలు: ఒకటి, గాలిలోకి. ఫలితం: పోయింది.

వారం రోజులుగా ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు చదువుతున్నాను. రెండో సాక్ష్యం ఎనిమిదో మెట్టులో దొరికింది. ఇద్దరు వదినామరదళ్ళకు మాటల్లేక, ఒకామె పొద్దంతా బిళ్ళ ఇవ్వలేదు. ఒక దూడ పోయింది.

మూడోది మా ఇంట్లోనే దొరికింది. నాన్న పాత పుస్తకంలో, నాన్న చేతిరాతే, కళ్ళు ఇంత మసకబారక ముందుది. పోయిన ఏడాది, ధనిష్ఠ కార్తె, నాలుగో రోజు, ఉదయం. దేనికి అనే గడి ఖాళీగా ఉంది. ఫలితం గడిలో రెండే మాటలు: బిళ్ళ ఇవ్వలేదు.

అమ్మ పోయింది శ్రవణ కార్తెలో. పూడ్చిన మూడో రోజే నేను పరీక్షలకు బడికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత పది రోజులకు ఇది జరిగింది. భార్య పోయిన మనిషి గుమ్మంలోకి వచ్చి అడిగితే పిన్ని వట్టి చేతులతో పంపేసింది. కారణం చెప్పేదాకా నిలబెట్టి ఉంటుంది. నాన్న చెప్పలేకపోయి ఉంటాడు. నన్ను నిలబెట్టినట్టే నిలబెట్టి ఉంటుంది.

నాన్న ఆ గడప ఎందుకు తొక్కడో అర్థమైందనుకున్నాను. చాలా కోపం వచ్చింది. కోపంలో నా చేతిరాత బాగుంటుందని ఇవాళే తెలిసింది.

నాన్నను అడగలేదు. అడిగితే బాధపడతాడనుకున్నాను.

ఆశ్లేష కార్తె, అయిదో రోజు

తుపాకి తీయలేదు.

సమాఖ్య సమావేశం. అర్జీ మావయ్య చదివాడు. ఒకచోట నేనిలా రాశాను: "అడగవలసి వచ్చిన ప్రతిసారీ మనిషి కొంచెం చిన్నవాడవుతాడు. పక్కింటి గడప ముందు నిలబడి కారణం చెప్పుకునే వాడి చేతిలో ఉన్నది ఆయుధం కాదు, కట్టె." అక్కడ చప్పట్లు కొట్టారు. నేను వెనకాల గోడకు ఆనుకుని ఉన్నాను. ఎనిమిదో మెట్టు పెద్దాయన వెనక్కి తిరిగి, "ఈ పిల్లకు నోట్లో నాలుక లేదన్నారే, చేతిలో పెట్టుకుందన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నలభై ఒక్క మంది సంతకం చేశారు. నాన్న సమావేశానికి రాలేదు. వలలు చూసుకోవాలన్నాడు. అర్జీ ఇంటికి తెచ్చి ఇస్తే చదవకుండానే సంతకం పెట్టాడు.

"చదివి వినిపించనా?" అన్నాను.

"నువ్వు రాసిందేగా" అన్నాడు.

మఖ కార్తె, తొమ్మిదో రోజు

దేనికి: పందులు. తూటాలు: ఒకటి. ఫలితం: తగల్లేదు.

అర్జీ గెలిచింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది మెట్లలో ముందుగా అమలు. ఉత్తర కార్తె మొదటి రోజున బిళ్ళలు తుపాకిదార్ల చేతికిస్తారు. పొద్దున చాటింపు వేశారు.

మధ్యాహ్నం మస్తానమ్మ పిన్ని నన్ను పిలిచింది. కచేరి నుంచి కాగితం వచ్చిందట, చదివిపెట్టమంది. పిన్నికి చదువు రాదు. తన పుస్తకంలో గుర్తులు వేసుకుంటుంది. పందికి అడ్డగీత, ఎలుగుకు సున్నా. అందులో ఇరవై ఏళ్ళ గీతలున్నాయి.

పైకి చదివాను. ధనిష్ఠ నాలుగో రోజున తుమ్మా జోజప్పకు అకారణంగా బిళ్ళ నిరాకరించినందుకు సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పకపోతే ఇకమీదట ఏ ఇంటి బిళ్ళా దాచే అర్హత ఉండదు, ఆమె పేరు కచేరి గోడమీద రాస్తారు. చదువుతుంటే ఆ మాటల్లో కొన్ని నావేనని తెలుస్తోంది. అకారణంగా అన్న మాట నాదే.

పిన్ని చేటలో కొర్రలు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"ఇది రాసింది నువ్వేనంటగా."

తలూపాను.

"ధనిష్ఠలో చేలో ఏముంటదే?"

నేను కాగితం మడిచాను.

"మోళ్ళు. కోతలైపోయి నెలలవుతది. పంది ఎందుకొస్తది, మోళ్ళు నమలడానికా? అంత చదివినదానివి, ఆ మాత్రం చూడలేదా?"

నిజంగానే చూడలేదు. ఈ కొండమీద నడక నేర్చిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతి. నేను తేదీ చూశాను, ఖాళీ గడి చూశాను, చేను చూడలేదు.

తర్వాత పిన్ని చెప్పింది ఇది. ఆ రోజు నాన్న పొద్దు పొడవకముందే వచ్చాడు. చెప్పుల్లేవు. అమ్మను పూడ్చిన రోజు వేసుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. గంట మోగలేదు, కుక్కలు అరవలేదు. దేనికని అడిగితే మాట్లాడలేదు. రెండోసారి అడిగితే పిన్ని మొహంలోకి చూడలేదు. మూడోసారి అడిగేసరికి గడపమీద కూర్చుండిపోయాడు. పిన్ని జావ కాచి పెట్టింది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. ఎండెక్కాక నాన్న లేచి ఇంటికొచ్చి, చట్టం ప్రకారం పుస్తకం రాశాడు. అడిగినట్టు రాశాడు, ఇవ్వలేదనీ రాశాడు. ఆ ఒక్క గడీ అబద్ధంతో నింపలేక వదిలేశాడు.

"అప్పట్నుంచీ సిగ్గుపడి నా మొహం చూడడు. పోనీలే, సిగ్గుపడే మనిషి బతికే ఉంటాడనుకున్నా" అంది పిన్ని.

సంజాయిషీలో ఇదంతా నేను రాస్తానన్నాను. చేట కింద పెట్టింది.

"రాయవు. నేనెవురికీ చెప్పలా, కచేరోడికీ చెప్పను. గోడమీద పేరు రాసుకుంటే రాసుకోనీ. నాకెట్టాగూ చదవడం రాదు."

మఖ, పదకొండో రోజు

తుపాకి తీయలేదు.

నాన్న తుపాకి తుడుస్తున్నాడు. ప్రతి ఆదివారం తుడుస్తాడు. ఇవాళ మొదటిసారి నేను ఎదురుగా కూర్చుని చూశాను. "ఏంటమ్మా?" అన్నాడు. ఏం లేదన్నాను.

ఉత్తర మొదటి రోజుకు ఇంకా పదహారు రోజులు.

పుబ్బ కార్తె, మూడో రోజు

దేనికి: పందులు. తూటాలు: రెండు. ఫలితం: ఒకటి పడింది.

వీరాస్వామి మావయ్య ఇంటికి వెళ్ళాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ఆయన గుమ్మంలో చెప్పులు కుడుతున్నాడు. అత్తయ్య గడ్డికొడవలి ఇంకా చూరులోనే ఉంది.

మూడో సాక్ష్యం వెనక్కి తీసుకోవాలన్నాను. ఎందుకని అడగలేదాయన. అదే నన్ను భయపెట్టింది.

"ధనిష్ఠలో చేలో ఏమీ ఉండదు మావయ్యా" అన్నాను.

దారం లాగి ముడేశాడు.

"చూశానమ్మా. నువ్వు పేజీ తెచ్చిన రోజే చూశాను. చూడనట్టున్నాను."

ఆయన గొంతులో కోపం లేదు. ఇంకా మెల్లగా చెప్పాడు. జోజప్ప ఇప్పుడు బాగానే ఉన్నాడు. పనిచేస్తున్నాడు, తింటున్నాడు. ఒక మనిషికి ఒక రోజు వచ్చిన ఆలోచన కోసం నలభై ఇళ్ళవాళ్ళు పంది ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడాలా? కాంతం అరిచిన అరుపు ఆయనకు రెండు మెట్ల కింద వినిపించింది. బిళ్ళ అందాక వినిపించలేదు.

"ఆ పావుగంట నాకెవురు తిరిగిస్తారో చెప్పు. చెప్తే ఇప్పుడే కచేరికి పోయి అర్జీ చింపేస్తా."

ఆయన చెప్పింది తప్పని రాయలేను. సమాఖ్య చెడ్డదని కూడా రాయలేను. ఈ పుస్తకంలో నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఆ పావుగంట ఉన్నందుకే మా నాన్న ఉన్నాడు. అదే పావుగంట ఉన్నందుకే లక్ష్మీకాంతం అత్తయ్య లేదు.

వచ్చేటప్పుడు మావయ్య గట్టిగా చెప్పాడు, సమావేశంలో లేచి చెప్పుకోమని. అక్కడ అందరూ ఒప్పుకుంటే తను అడ్డుపడనని.

పుబ్బ, ఎనిమిదో రోజు

తుపాకి తీయలేదు.

సమావేశంలో లేచాను. నలభై తలలు నా వైపు తిరిగాయి. చెప్పాలంటే నాన్న పేరు చెప్పాలి. తెల్లచొక్కా గురించి చెప్పాలి. మొదటి మాట నోట్లోనే ఉండిపోయింది. కింద కూర్చున్న ఒకామె నీళ్ళచెంబు అందించింది. తాగాను. తాగి కూర్చున్నాను. నా మాట కోసం లేచానో, నీళ్ళ కోసం లేచానో వాళ్ళకు తెలియదు.

తర్వాతి విషయం తూటాల పంపకం. అందరూ దాని గురించి మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చి మా తూటాల డబ్బా వెదురుబుట్టలో కొర్రల కింద దాచాను. సాయంత్రానికి నాన్న డబ్బా వెతికి తీసి మళ్ళీ గూట్లో పెట్టాడు. "చెమ్మ తగుల్తుంది కదమ్మా" అన్నాడు. నా మొహం చూశాడు. మా ఇంట్లో ఎవరికీ మాట్లాడడం రాదు. మాట్లాడేది అమ్మ.

ఉత్తర కార్తె, మొదటి రోజు

బిళ్ళ అందింది.

కచేరి ముందు పందిరి వేశారు. సమాఖ్యవాళ్ళు కంకులతో తోరణం కట్టారు. గుమాస్తా అర్జీ మొత్తం పైకి చదివాడు, మూడు సాక్ష్యాలతో సహా. నాన్న నా పక్కనే నిలబడ్డాడు. ఏడో మెట్టు జోజప్ప అని వినపడగానే నాన్న తలెత్తాడు. ఆ అర్జీలో తన పేజీ ఉందని నాన్నకు అప్పుడే తెలిసింది. అకారణంగా అన్న దగ్గర గుమాస్తా గొంతు పెంచాడు. కట్టె అన్న దగ్గర జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన నాన్న భుజం తట్టాడు.

చట్టం ప్రకారం ఎవరు దాచిన బిళ్ళ వాళ్ళే తెచ్చి అప్పగించాలి. పిన్ని కొంగు ముడి విప్పి బిళ్ళ బల్లమీద పెట్టింది. సంజాయిషీ ఉందా అని గుమాస్తా అడిగాడు. లేదంది. ఆమె పేరు పలకలో రాసుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "ముసలిదానికి పెత్తనం పోయింది" అన్నారు. పిన్ని తల వంచుకునే ఉంది.

నాన్న వేలు యంత్రంమీద పెట్టించారు. బిళ్ళ ఒకసారి ఎర్రగా వెలిగి, పచ్చగా మారింది. ఇక అది ఆ వేలికే వెలుగుతుంది.

"భద్రం జోజప్పన్నా" అంది పిన్ని.

నాన్న ఆమె మొహం చూడకుండా బిళ్ళను చొక్కా జేబులో వేసుకున్నాడు. దారిలో నాకంటే ముందు నడిచాడు. ఆ అర్జీ రాసింది నేనేనని నాన్నకు తెలుసు. అన్నం సగంలో వదిలేశాడు.

ఉత్తర, మూడో రోజు

దేనికి: కింద రాస్తున్నాను. తూటాలు: లేవు.

తెల్లవారుజామున గోడమీది మేకు చప్పుడైంది. గంటతీగ మోగలేదు. లేచి చూస్తే నాన్న తుపాకి దించుకున్నాడు. చెప్పుల్లేవు. చొక్కా ఏ రంగో మసకలో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"దేనికి?" అన్నాను.

నాన్న ఆగాడు. "పక్కకు జరుగు తల్లీ."

"దేనికి నాన్నా?"

నా గొంతు అంత పైకి రాగలదని నాకే తెలియదు. పిన్ని గుమ్మంలో కుక్క మొరిగింది. నాన్న నా వెనక ఉన్న మంచులోకి చూస్తున్నాడు. రెండు చేతులూ అడ్డంగా పెట్టి మూడోసారి అడిగాను.

నాన్న గోడ పట్టుకుని మెల్లగా గడపమీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. తుపాకి నా ఒళ్ళోకి తీసుకున్నాను. అది ఇంత బరువుంటుందని అప్పుడే తెలిసింది.

"తెలీదమ్మా" అన్నాడు. "ఆ బిళ్ళ జేబులో ఉంటే నిద్ర పట్టడంలా. అంతమందిలో ఆమె తల వంచుకుని నిలబడింది. నేను నిలబడి చప్పట్లు విన్నా."

"ఆ మాటలు రాసింది నేను నాన్నా."

"నువ్వు తెలీక రాశావు. నేను తెలిసి నోరు మూసుకున్నా."

మంచు పలచబడే దాకా కూర్చున్నాం. తర్వాత నాన్న పాత పుస్తకం తెమ్మన్నాడు. ధనిష్ఠ నాలుగో రోజు పేజీ తీయమన్నాడు. గడి ఎక్కడుందో వేలుపెట్టి చూపించమన్నాడు. కలం తనే పట్టుకున్నాడు. అక్షరాలు పెద్దవిగా, గడి దాటి పక్క గడిలోకి వెళ్ళాయి. రెండు మాటలు రాశాడు.

దేనికి: నా కోసం.

కింద సంతకం చేసి, ఇవాళ్టి తేదీ వేయించాడు. కచేరికి పంపమన్నాడు, పిన్ని సంజాయిషీగా. నకలు కాదు, ఈ పేజీయే.

"అందరూ చదువుతారు నాన్నా" అన్నాను.

"చదవనీ. ఆమెది గోడమీద రాస్తారంటగా."

ఇద్దరం పిన్ని ఇంటికి వెళ్ళాం. నాన్న తాడు పట్టుకోలేదు, అలవాటైన దారిలా నడిచాడు. పిన్ని వలలు పిండుతోంది. నాన్న గడపమీద బిళ్ళ పెట్టాడు. ఆమె దాన్ని చూసింది, నాన్నను చూసింది. ఆమె వేలికి అది ఇక వెలగదు. అయినా అడిగింది, ఇరవై ఏళ్ళుగా అడిగినట్టే.

"దేనికి?"

"నీ దగ్గర ఉంచు మస్తానమ్మా" అన్నాడు నాన్న. "నేనొచ్చి అడిగితే, అడుగు."

పిన్ని కొంగున ముడేసుకుంది. జావ ఉంది, తాగి పొమ్మంది.

బిళ్ళ తుపాకిదారు ఇంట్లో లేకపోవడం ఇప్పుడు తప్పు. ఈ పేజీయే దానికి సాక్ష్యం. తెలిసే రాస్తున్నాను, చింపను. సమాఖ్యకు ఇంకో అర్జీ రాయడం మొదలుపెట్టాను. అందులో ఒకే కోరిక ఉంది. బిళ్ళ తన దగ్గర ఉంచుకోవడం తుపాకిదారు హక్కయితే, దాన్ని పక్కింట్లో ఉంచుకోవడం కూడా అతని హక్కే కావాలి. వాళ్ళు దీనికోసం కూడా కచేరి ముందు కూర్చుంటే నేను సమాఖ్యలో ఉంటాను. కూర్చోకపోతే ఉండను. ఈసారి నేనే చదువుతాను.

ఉత్తర, ఆరో రోజు

దేనికి: పందులు. తూటాలు: మూడు. ఫలితం: ఒకటి పడింది. రెండు మళ్ళు పోయాయి.

గంట మోగగానే నేను లేచాను. నాన్న నన్ను కూర్చోమని, తనే వెళ్ళాడు. మంచులో నుంచి పిన్ని గొంతు వినిపించింది, తర్వాత నాన్న గొంతు, స్పష్టంగా: "పందులకి." తిరిగి వచ్చేసరికి మంద చేలో పడింది. ఈ రెండు మళ్ళూ కోతకు పది రోజుల్లో ఉన్నవి.

పొద్దెక్కాక వీరాస్వామి మావయ్య వచ్చాడు. పేజీ సంగతి అప్పటికే ఊరంతా తెలిసింది. ఆయన గట్టుమీద నిలబడి, పడిపోయిన కొర్ర చూశాడు. అటు కంచె కడుతున్న నాన్ననూ చూశాడు.

"బిళ్ళ జేబులో ఉంటే ఇవి మిగిలేవి" అన్నాడు.

"మిగిలేవి మావయ్యా."

నేను తల దించుకోలేదు. ఆయన చేయి చొక్కా జేబు మీద ఉంది. చేయి అక్కడ ఉన్న సంగతి ఆయనకు తెలుసో లేదో.

"పొద్దున లేస్తే మొదట ఈ బిళ్ళనే తడుముకుంటున్నానమ్మా" అన్నాడు, చేను వైపు చూస్తూనే.

నాకు చెప్పాలనిపించినవి చాలా ఉన్నాయి. ఒక్కటే అడిగాను.

"దేనికి మావయ్యా?"

ఆయన జేబు మీంచి చేయి తీశాడు. తర్వాత గట్టు దిగి, చొక్కా చేతులు మడిచి, కంచె రెండో కొస పట్టుకోవడానికి నాన్న దగ్గరికి వెళ్ళాడు.